మేస్త్రీ గారి జవాబులు: ధార సన్నబడితే

కిందటి నెల ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ గురించి రాస్తూ మధ్యలో ఒక ముక్క అన్నాను, "ఈ డీజిల్ మన మనవల కాలానికి ఇంత ధారగా రాదు" అని. నాజిళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. ఉత్తరాలన్నీ ఆ ముక్క మీదే వచ్చాయి. కొందరు భయపడ్డారు, కొందరు కసిరారు. ఒకాయన "గ్యారేజీ వదిలి జాతకాలు మొదలెట్టారా?" అని రాశారు. సరే, ఈ నెల పేజీ మొత్తం చమురుకే.

కొత్తగా చదివేవాళ్ళకి నా గురించి రెండు మాటలు. 1986 నుంచి 2020 దాకా విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేశాను. చదువు ఐటీఐ. లాక్‌డౌన్‌కి దించిన షట్టర్ మోకాళ్ళ నొప్పుల వల్ల నేను మళ్ళీ ఎత్తలేదు. చమురు లెక్కలు చదవడం ఆ తర్వాత పట్టుకున్న పిచ్చి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మా నాన్న చదువుకునే రోజుల్లో పుస్తకంలో "చమురు ఇంకో ముప్పై ఏళ్ళు" అని ఉందట. ఇప్పుడు నేను చదివేదాంట్లో యాభై అని ఉంది. వాడుతున్న కొద్దీ పెరుగుతోందా? ఇదంతా ఉత్త బెదిరింపేనా?
— ఇంటర్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండు పుస్తకాలూ అబద్ధం చెప్పలేదు నాయనా. భూమిలో ఇంత సరుకు ఉందని తేలిన లెక్కని ఏడాది వాడకంతో భాగిస్తే వచ్చే అంకె అది. 1980 ప్రాంతంలో ముప్పైకి అటూ ఇటూ వచ్చేది, ఇప్పుడు యాభై దగ్గర వస్తోంది. కొత్త చోట దొరికినా, ధర పెరిగి పాత చోటే ఇంకా లోతుకి తవ్వడం గిట్టుబాటైనా అంకె పెరుగుతుంది. కానీ అది బియ్యం డబ్బాలో ఎన్ని బస్తాలున్నాయో చెప్పే లెక్క. డబ్బా మూతి ఎంత వెడల్పో, రోజుకి ఎన్ని సోలలు బయటికి తీయగలమో చెప్పదు. ఇంట్లో వంటకి కావాల్సింది ఆ రెండోదే కదా.

బెంజి సర్కిల్ దగ్గర చెరుకు రసం బండి చూసుంటావు. మొదటిసారి గడ పెడితే రసం ధారగా వస్తుంది. మడిచి రెండోసారి పెడతాడు, ధార సన్నం. అల్లం, నిమ్మకాయ పెట్టి మూడోసారి తిప్పేసరికి కుర్రాడి చొక్కా తడుస్తుందే గానీ గ్లాసు నిండదు. పిప్పిలో ఇంకా రసం ఉంటుంది. ఉందని తెలిసే పారేస్తాడు. ఎందుకంటే ఇంకోసారి తిప్పే కష్టానికి ఆ రసం ఖరీదు సరిపోదు. చమురు బావి కూడా ఇంతే. మొదట దాని ఒత్తిడికి అదే ఎగదన్నుతుంది. తర్వాత పంపు పెట్టాలి, ఆ తర్వాత నీళ్ళో గ్యాసో లోపలికి కొట్టి నెట్టాలి. చివరికి చమురు కంటే నీళ్ళే ఎక్కువ పైకొస్తాయి.

ఈ సంగతి లెక్క కట్టి చెప్పినవాడు హబ్బర్ట్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త. పనిచేసేది చమురు కంపెనీలోనే. అమెరికా ఉత్పత్తి 1970 ప్రాంతంలో శిఖరం ఎక్కి అక్కడినుంచి దిగుతుందని 1956లోనే చెప్పాడు. నవ్వారు. 1970లో సరిగ్గా అలాగే అయింది. 2008 నాటికి అక్కడి ఉత్పత్తి శిఖరంలో సగానికి పడింది.

అయితే ఆ తర్వాత కథ కూడా చెప్పాలి. లేకపోతే నీకు సగం చెప్పినవాణ్ణవుతాను. రాతి పొరలని నీళ్ళ ఒత్తిడితో పగలగొట్టి చమురు తీయడం మొదలెట్టాక అమెరికా మళ్ళీ ఎగబాకింది. ఇప్పుడు 1970 నాటి కంటే ఎక్కువే తీస్తోంది. అంటే హబ్బర్ట్ ఓడిపోయాడా? నా మటుకు నేను అలా అనుకోను. అది మూడోసారి తిప్పిన చెరుకు. ఆ రాతి బావుల్లో ధార ఏడాది రెండేళ్ళలోనే సగానికి పైగా పడిపోతుంది. పడకుండా ఉండాలంటే పక్కన ఇంకోటి, ఇంకోటి తవ్వుతూనే ఉండాలి.

మన బాంబే హై చూడు. 1974లో దొరికింది, 1976 నుంచి తీస్తున్నారు. యాభై ఏళ్ళయినా అయిపోలేదు, ఇప్పటికీ వస్తూనే ఉంది. కానీ 1980ల నాటి ధార లేదు. దేశం మొత్తం మీద 2011-12లో సుమారు 3 కోట్ల 80 లక్షల టన్నుల ముడి చమురు తీసేవాళ్ళం. 2023-24లో 2 కోట్ల 90 లక్షలకి కాస్త పైన. ఈ మధ్యలో బండ్లు ఎన్ని పెరిగాయో మీ బ్రాడీపేట నాలుగో లైన్లో నిలబడితే తెలుస్తుంది. మనం వాడేదాంట్లో నూటికి 85 వంతులకు పైగా బయటి నుంచే వస్తోంది. కాబట్టి ఎప్పుడు అయిపోతుంది అని అడక్కు. ధార ఎప్పుడు సన్నబడుతుంది, అప్పుడు క్యూలో ముందు ఎవరుంటారు అని అడుగు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాకు కారు లేదు, స్కూటరూ లేదు. మా ఆయన, నేను ఎక్కడికైనా బస్సులోనే వెళ్తాం. పెట్రోలు రెండొందలైనా మాకేమిటి? మా తోటికోడలు మాత్రం "అందరికన్నా నీకే తగులుతుంది" అంటోంది.
— గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: తోటికోడలి మాట నిజమని ఒప్పుకోవడం కష్టమే చెల్లెమ్మా, కానీ ఈసారికి ఒప్పుకోండి.

బస్సు సంగతి ముందు. 2022లో ఆర్టీసీ టికెట్టు మీద డీజిల్ సెస్ వేశారు, గుర్తుందా? పల్లెవెలుగుకి రెండు రూపాయలతో మొదలెట్టారు. మీకు బండి లేకపోయినా బంకు మీ టికెట్టులోకి వచ్చి కూర్చుంది.

ఇక వంటింట్లోకి పోదాం. ఇవాళ పొద్దున ఇడ్లీ వేశారనుకోండి. రవ్వకి కావాల్సిన వరి అవనిగడ్డ వైపో, తెనాలి పక్కనో పండింది. చేను దమ్ము చేసింది ట్రాక్టరు, కోసింది వరికోత మిషను, మిల్లుకి మోసింది లారీ, కాళేశ్వరరావు మార్కెట్టు నుంచి మీ వీధి కొట్టుకి తెచ్చింది ట్రాలీ ఆటో. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. ఎవరూ చూడనిది యూరియా బస్తా. గాలిలోని నత్రజనిని సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేస్తారు, అందులోంచి యూరియా. జర్మనీలో హేబర్ 1909లో చేసి చూపించాడు, బాష్ 1913కి దాన్ని ఫ్యాక్టరీ చేశాడు. గింజ పుష్టికి మనం వేసేది ఒక రకంగా గ్యాసే. ఆ గ్యాసులో దాదాపు సగం ఓడల్లో వస్తుంది, దాని ధర చాలా ఒప్పందాల్లో ముడి చమురు ధరకే కట్టేసి ఉంటుంది.

మినప్పప్పు కొంచెం నయం. డెల్టాలో వరి కోతకు ముందే మినుములు చల్లితే చేలో మిగిలిన తేమకి, మంచుకి పండేస్తాయి. దున్నక్కర్లేదు. మీ ఇడ్లీలో డీజిల్ వాసన తక్కువగా ఉన్నది ఆ పప్పుకే.

చట్నీకి కొబ్బరికాయ కోనసీమ నుంచి లారీలో. ఎండుమిర్చి గుంటూరు యార్డు నుంచి. ఆ మిర్చి వెనక ఎంత చమురుందో చెబితే మీకు మంట రెండింతలవుతుంది. మొక్కకి కొట్టే చాలా మందుల్లో చమురులోంచి తీసిన ద్రావకాలుంటాయి. డ్రిప్పు గొట్టం ప్లాస్టిక్. కల్లంలో కాయ మీద వర్షం పడకుండా కప్పే పట్టా ప్లాస్టిక్. యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేది ట్రాక్టరు. ధర లేదని కోల్డ్ స్టోరేజీలో పెడితే కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు. ఇంతా చేసి మీరు వాడేది నాలుగు కాయలు.

పొయ్యి వెలిగించే సిలిండరు చివరికి చెబుతున్నాను. మన దేశంలో వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతి, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచి. అక్కడినుంచి బయటికొచ్చే దారి హొర్ముజ్ జలసంధి, ఇరుకైన చోట 33 కిలోమీటర్లు. విజయవాడ నుంచి గుంటూరు ఎంతో సుమారుగా అంతే. 2024 లెక్క ప్రకారం ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు ఆ సందులోంచే పోయింది.

కారున్నాయన పెట్రోలు పెరిగితే తిరుగుడు తగ్గించుకుంటాడు. మీరు ఇడ్లీ తగ్గించుకోలేరు కదా. తోటికోడలు చెప్పింది అదే అయ్యుంటుంది.

ప్రశ్న: మేస్త్రీ గారూ, బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) లారీకి ఇంకా రెండేళ్ళ ఈఎంఐ ఉంది. అప్పులు తీరకముందే డీజిల్ లారీకి విలువ పోతుందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర లేదు. అమ్మేసి ఎలక్ట్రిక్ లారీ చూడమంటారా?
— లారీ యజమాని, గొల్లపూడి

జవాబు: తమ్ముడూ, రెండేళ్ళలో ఏమీ కాదు. నిద్రపో.

లాంగ్ రూట్ లారీకి ట్యాంకులో 300 లీటర్లు పోస్తావు, బరువు పావు టన్ను. అంతే దూరం బ్యాటరీ మీద పోవాలంటే ఇవాళ ఉన్న బ్యాటరీలతో ఏడెనిమిది టన్నులు మోయాలి. లోడు ఎక్కడ ఎక్కిస్తావు? డీజిల్ గొప్పతనం అక్కడే ఉంది, అందుకే దాన్ని వదిలించుకోవడం అంత కష్టం. పోర్టు నుంచి గోడౌనుకీ, క్వారీ నుంచి ప్లాంటుకీ తిరిగే టిప్పర్ల లాంటివి ముందు మారతాయి. రాత్రికి ఇంటికొచ్చే బండి ఏదైనా మారుతుంది. చెన్నై, కలకత్తా పోయేది చివర్లో.

నన్నడిగితే లాంగ్ రూట్ లోడుకి నిజమైన పోటీ ఎలక్ట్రిక్ లారీ కాదు, గూడ్సు రైలు. బ్రాడ్‌గేజ్ లైన్లు దాదాపు అన్నీ కరెంటు మీదికి వచ్చేశాయి. మన ఊళ్ళోనే ఎలక్ట్రిక్ లోకో షెడ్డు ఉంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లితే రాపిడి ఎంత తక్కువో నీకు నేను చెప్పాలా? డీజిల్ నిజంగా పిరమైన రోజున సిమెంటు, బియ్యం, ఎరువులు రైలెక్కుతాయి. నీ లారీ స్టేషన్ నుంచి ఊళ్ళోకి తిరుగుతుంది. ఆ లెక్కన ఈ ఈఎంఐ తీరాక కొత్తది కొనేటప్పుడు పద్నాలుగు టైర్ల బండి కొనాలా, చిన్నది కొనాలా అని ఆలోచించు.

మరో మాట. పొగ శుభ్రం కావడానికి నీ బండికి పోసే యాడ్‌బ్లూని మీ డ్రైవర్లు "యూరియా" అంటారు చూడు, అది నిజంగా యూరియానే. నూటికి 32.5 వంతులు యూరియా, మిగిలింది శుభ్రమైన నీళ్ళు. పై ఉత్తరంలో చెల్లెమ్మ ఇడ్లీ వరికి వేసిందీ అదే. యూరియా కరువొస్తే చేను, లారీ ఒకే క్యూలో నిలబడాలి. ఖర్చు మిగల్చాలని ఎరువుల కొట్టులో బస్తా కొని ఇంట్లో కలుపుకునేవాళ్ళు ఉన్నారని విన్నాను. ఆ మట్టితో ఇంజక్టరు పోతే నాకు ఉత్తరం రాయొద్దు.

ప్రశ్న: బాబాయ్ గారూ, ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నాను. మా బావ రోజూ ఆటపట్టిస్తున్నాడు, "నీ బండి బొగ్గు మీద నడుస్తోంది, ఇబ్రహీంపట్నం పొగగొట్టం చూడు" అని. ఏం చెప్పమంటారు?
— ప్రైవేటు ఉద్యోగిని, మంగళగిరి

జవాబు: మీ బావ సగం కరెక్టేనమ్మా. ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు, అదే వీటీపీఎస్, బొగ్గుదే. మిగతా సగానికి ఈ లెక్క చూపించండి. మీ స్కూటరు 45 కిలోమీటర్లకి ఒకటిన్నర యూనిట్లు తాగుతుందనుకుందాం. ఆ ఒకటిన్నర యూనిట్ల కరెంటు మీ ప్లగ్గులోకి రావాలంటే, ప్లాంటులో వృథా, తీగల్లో వృథా కలిపి సుమారు ఐదు యూనిట్ల వేడి ఇచ్చే బొగ్గు కాల్చాలి. మీ బావ బండి అదే 45 కిలోమీటర్లకి లీటరు పెట్రోలు తాగుతుంది. అందులో ఉన్న వేడి తొమ్మిది యూనిట్లు. బొగ్గు మీద నడిచినా మీదే తక్కువ. పైగా బొగ్గు మన దేశంలోనే తవ్వుకుంటున్నాం, మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకుంటే ఆ బొగ్గూ తగ్గుతుంది. పెట్రోలు మిద్దె మీద పండదు.

అయితే టైర్లు, సీటు, ఫుట్‌బోర్డు, మీరు పోయే తారు రోడ్డు, అన్నిట్లోనూ చమురు ఉంది. ఈ మాట బావకి చెప్పకండి.

ప్రశ్న: ఎనిమిది ఎకరాల మాగాణి చేస్తున్నాను. డీజిల్ దొరకని రోజొస్తే మళ్ళీ ఎద్దులకి పోవచ్చు కదా? మా తాత అలాగే బతికాడు.
— రైతు, తెనాలి దగ్గర

జవాబు: రైతుగారూ, ఈ ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఎందుకంటే డీజిల్ అంటే ఏమిటో తెలియాలంటే ఈ లెక్క ఒక్కటే చాలు.

లీటరు డీజిల్లో పది యూనిట్ల వేడి ఉంటుంది. ట్రాక్టరు ఇంజను అందులో మూడు యూనిట్లు పనిగా మారుస్తుంది, మిగతాది సైలెన్సరు నుంచీ రేడియేటరు నుంచీ గాలిలోకి పోతుంది. గట్టి మనిషి ఎనిమిది గంటలు పార పట్టి పనిచేస్తే అరయూనిట్టుకి కొంచెం పైన. అంటే లీటరు డీజిల్ ఐదుగురు మనుషుల రోజు పని. ఐదుగురికి మీరిచ్చే కూలి ఎంతో మీకే తెలుసు, లీటరు డీజిల్ వందకి అటూ ఇటూ. ఇంత చవక కూలి మన తాతలు కలలో కూడా చూడలేదు. జత ఎద్దులు రోజంతా నాగలి లాగితే ట్రాక్టరులో లీటరున్నర డీజిల్ చేసేంత పని అవుతుంది.

మీ తాతగారు బతికారు, నిజమే. అప్పుడు ఊళ్ళో ఎన్ని జతలుండేవి? వాటికి గడ్డి ఎక్కడిది? చేతికోత కాబట్టి వరిగడ్డి నిలువునా ఇంటికొచ్చేది, వామి వేసేవాళ్ళు. మిషను కోశాక గడ్డి ముక్కలై చేలో పడుతోంది, దాన్ని చుట్టడానికి మళ్ళీ ఇంకో మిషను. జత ఎద్దుల్ని కొనాలంటే ముందు వాటికి మేత పండించే నేల వదలాలి. కాడి కట్టడం తెలిసినవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది మిగిలారో ఒకసారి లెక్కపెట్టండి. ఒక తరంలో వదిలేసిన పని ఒక సీజన్లో తిరిగి రాదు.

క్యూబాలో ఇది జరిగింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగానే వాళ్ళకి చవగ్గా వచ్చే చమురు ఆగింది. చైనా నుంచి పది లక్షలకు పైగా సైకిళ్ళు తెప్పించుకున్నారు, ఊళ్ళ మధ్య ఖాళీ స్థలాల్లో కూరగాయలు వేశారు, పొలాల్లోకి ఎద్దుల్ని తెచ్చారు. బతికారు. కానీ ఆ ఏళ్ళలో మనుషులు బాగా చిక్కిపోయారు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

మీరు మొత్తంగా ఎద్దులకి పోనక్కర్లేదు. దమ్ము చేయకుండా నేరుగా వరి వెదజల్లే పద్ధతిలో మీ పక్కవాళ్ళెవరైనా చేస్తున్నారేమో చూడండి. కలుపు బాధ ఉంది, దాచను. కానీ ఎకరాకి మిగిలే డీజిల్ కళ్ళ ముందే కనిపిస్తుంది. మోటారు కరెంటుదే కదా, ఆయిలింజను ఉంటే పాత ఇనుముకి అమ్మేయకండి, అడపాదడపా తిప్పుతూ ఉండండి.

తాతల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మా నాన్న చిన్నప్పుడు బందరు కాలువలో గూటి పడవలు చూశాడు. ధాన్యం, ఉప్పు, సున్నం, కట్టెలు అన్నీ పడవల్లోనే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్ళు. విజయవాడ నుంచి కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి మద్రాసు దాకా పోయేవాళ్ళట. లారీ వచ్చాక ఆ దారి పూడిపోయింది. 2008లో ఆ మద్రాసు దారిని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు. మా కాలువ గట్టు మీద మటుకు నాకు గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లే కనపడుతున్నాయి.

ప్రశ్న: కృష్ణా గోదావరి బేసిన్‌లో కావలసినంత ఉందంటారు. మన కాళ్ళ కిందే ఉంటే మనకి లోటేమిటి?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కృష్ణలంక

జవాబు: ఉందండీ మాస్టారూ. ఎలా ఉందో 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు కోనసీమ అంతా చూసింది. అయితే ఇక్కడ ఎక్కువగా ఉన్నది గ్యాసు. సముద్రంలో డీ-6 అనే బ్లాకు నుంచి 2009 ఏప్రిల్లో గ్యాసు మొదలైంది. ఏడాది తిరిగేసరికి రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా పోయింది, ఇక మనకి దిగుల్లేదన్నారు. అక్కడినుంచి అంచనాలన్నీ తలకిందులై పడిపోయింది. మొదటి రెండు నిక్షేపాలని 2020 ఫిబ్రవరిలో మూసేశారు. పక్కన కొత్తవి తెరిచారు, 2024 జనవరిలో ఓఎన్జీసీ కూడా లోతు సముద్రంలో చమురు మొదలెట్టింది. మంచిదే. దేశానికి రోజుకి 50 లక్షల పీపాల పైమాట కావాలి. పీపా అంటే 159 లీటర్లు. ఆ ఆకలి ముందు ఇది పులుసులో ఉప్పు.

ప్రశ్న: చమురు ధర పడిపోయిందని కూడా వార్తలొస్తుంటాయి. కొరతైతే ధర పడదు కదా?
— డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: 2008 జులైలో పీపా 147 డాలర్లు. అదే ఏడాది డిసెంబరుకి నలభై లోపు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో సున్నా కంటే కిందికి పోయింది, నిల్వ పెట్టే చోటు లేక అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఆ వారం నా షాపు మూసి ఉంది, రోడ్డు మీద ఒక్క లారీ లేదు. ధర పడినప్పుడు కంపెనీలు కొత్త బావులకి డబ్బు పెట్టడం మానేస్తాయి. పాత బావులు మాత్రం తగ్గుతూనే ఉంటాయి. నాలుగైదేళ్ళకి ఆ లోటు బయటపడి ధర ఎగురుతుంది, ఎగిరితే జనం వాడకం తగ్గిస్తారు, మళ్ళీ పడుతుంది. మిర్చి రేటు లాంటిదే. మంచి రేటొచ్చిన మరుసటేడు అందరూ మిర్చే వేస్తారు, యార్డు నిండిపోతుంది. తేడా ఏమిటంటే చేను మరుసటేడు మళ్ళీ కాస్తుంది.

ప్రశ్న: ముందుజాగ్రత్తగా ఇంట్లో రెండు డ్రమ్ములు డీజిల్ నిల్వ పెట్టుకుందామనుకుంటున్నాను. ఎలా పెట్టాలో చెప్పండి.
— పేరు వద్దన్న పాఠకుడు, విజయవాడ

జవాబు: పెట్టకండి. ఇళ్ళ మధ్య పెట్టడం ప్రాణానికే ముప్పు. ఇది నేను చదివి చెబుతున్నది కాదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది. డీజిల్ దొరకదని ఆటోనగర్ అంతా ఒకటే పుకారు. నేను కుర్రతనం కొద్దీ అప్పు చేసి రెండు డ్రమ్ములు కొని షాపు వెనక నిలబెట్టాను. నిలబెట్టడమే నా తప్పు. డ్రమ్ము పై మూత మీద వాన నీళ్ళు నిలిచాయి. పగలు ఎండకి లోపల గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే డ్రమ్ము ఊపిరి లోపలికి పీలుస్తుంది, బిరడా మరల్లోంచి ఆ నీళ్ళూ దిగుతాయి. నాకప్పుడు తెలియదు. రెండు నెలలకి బంకులో స్టాకు లేదని వచ్చిన ఒక లారీ ఓనరుకి, తెలిసినవాడు కదా అని ఆ డీజిల్ పోశాను. నందిగామ దాటకముందే పంపు పట్టేసింది. విప్పి చూస్తే ప్లంజర్లన్నీ తుప్పు గీతలు, ట్యాంకు అడుగున జిగురు. ఆరు ఎలిమెంట్లు, ఆరు డెలివరీ వాల్వులు నా డబ్బుతో మార్చాను. ఆ అప్పు తీరడానికి సంక్రాంతి దాటింది. ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

నిల్వ ప్రభుత్వాలు పెట్టుకోవాల్సిన పని. విశాఖలో కొండ రాతిని తొలిచి 13 లక్షల 30 వేల టన్నుల ముడి చమురు పట్టే గుహలు కట్టారు. మంగళూరు, పాదూరులవి కూడా కలిపితే 53 లక్షల టన్నుల పైన. అన్నీ నింపితే దేశానికి తొమ్మిదిన్నర రోజులకి సరిపోతుంది. కంపెనీల దగ్గర ఉండే సరుకు వేరే.

నిజంగా కొరతొస్తే ఎలా ఉంటుందో 2022లో శ్రీలంక చూపించింది. ఫోన్లో క్యూఆర్ కోడ్, బండికి వారానికి ఇన్ని లీటర్లని కోటా. క్యూ మొదలయ్యాక డ్రమ్ము పనికిరాదు, కోటా ఎంత సరిగ్గా పంచారన్నదే పనికొస్తుంది. మన దగ్గర 2024 జనవరిలో ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె అనగానే హైదరాబాదు బంకుల ముందు రోడ్లు జామైపోయాయి. చమురు తక్కువై కాదు, అందరూ ఒకేసారి ట్యాంకు నింపుకోవాలని ఎగబడటం వల్ల. అంబులెన్సుకి ముందు పోయాలా, బస్సుకా, పాల వ్యానుకా, కారుకా అని ముందే రాసిపెట్టుకోవాల్సింది అప్పుడు కాదు, ఇప్పుడు. మీ కార్పొరేటరు ఓటుకొచ్చినప్పుడు అడగండి.

ప్రశ్న: డీజిల్ మీద బతికి డీజిల్‌కే శాపం పెడుతున్నారేమండీ? మీ అబ్బాయిని ఈ పనిలో పెట్టారా లేదా?
— పాత కస్టమర్, ఆటోనగర్

జవాబు: చేతిరాత గుర్తుపట్టాను. శాపం కాదండీ. మీ బండి పంపు టెస్ట్ బెంచి మీద ఎక్కించి ఆరు గాజు గొట్టాల్లోకి డీజిల్ సమానంగా పడుతుంటే చూడటం నాకిష్టమని మీకు తెలుసు. కామన్ రైలు అనే కొత్త డీజిల్ పంపు పద్ధతి వచ్చి, బీఎస్-4, బీఎస్-6 వచ్చి, కంప్యూటర్ లేనిదే బానెట్ ఎత్తలేని రోజొచ్చినప్పుడే నా విద్యకి కాలం చెల్లింది. చమురు తగ్గడం దాకా ఆగలేదు.

మా వాడు ఎలక్ట్రిక్ ఆటోలు బాగుచేస్తున్నాడు, అదే షాపులో. నా బెంచిని అమ్ముదామంటే పాత ఇనుము కేజీ లెక్కన అడిగారు. ఇవ్వలేదు. దాని మీదే బ్యాటరీలు వరుసగా పెట్టి ఛార్జింగు వేస్తున్నాడు. బ్యాటరీ పెట్టెల అడుగున జిడ్డు అంటుకుంటోందని నా మీద విసుక్కుంటాడు. కిరసనాయిలు పెట్టి రెండుసార్లు తుడిచాను. మళ్ళీ ఊరుతోంది.

(వచ్చే నెల రేడియేటర్లు. ఎండాకాలం ముందు కాబట్టి లారీ, ట్రాక్టరు రెండింటివీ రాస్తాను. ఉత్తరాలు ఇరవయ్యో తేదీ లోపు పంపండి, ఊరి పేరు మర్చిపోవద్దు.)